చివరి అంకె

"బట్టలారేసే తాడు విప్పొద్దని చెప్పానా లేదా?"

"ఇదేమన్నా పట్టుతాడా? ఇంకోటి కొనుక్కోవచ్చులే."

"అదేదో మీరే కొనుక్కోండి."

తడి బట్టలు బకెట్‌లోనే ఉన్నాయి. కొనబోయే బండిని కట్టడానికని భర్త అప్పటికే తాడు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "నా తాడు ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే," అని ఆమె చెప్పులేసుకుంది.

"తాడు మీదున్న నమ్మకం మొగుడి మీద లేదే నీకు," అంది వరండాలోంచి అత్తగారు.

"తాడు ఇంతవరకూ ఎవరి చేతిలోనూ మోసపోలేదత్తయ్యా."

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కొత్త కంపెనీవాళ్ళు ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు, సొంత బండి ఉంటేనే అన్నారు. ఆయన పాత ఉద్యోగం ముందే వదిలేశాడు. ఒకటో తారీకు ఇంకా ఐదు రోజులే. అలాంటప్పుడు రిటైరైన పోస్టుమాస్టరుగారి షెడ్డులో పదకొండేళ్ళుగా కదలని మోటార్‌సైకిల్ కారుచవగ్గా వస్తోందని తెలిసి ఎగిరి గంతేశాడు. ఆమెకు అనుమానం పట్టుకున్నదీ అక్కడే. చవగ్గా వచ్చే వస్తువుకి ఎక్కడో ఒక మెలిక ఉంటుంది. అది దొరికేదాకా ఆమెకు ముద్ద దిగదు.

షెడ్డులో బండి మీద కప్పిన దుప్పటి తీయగానే ఎలుకల కంపు గుప్పుమంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. ఊచలన్నీ తుప్పు. ట్యాంకు మూత తీస్తే చిక్కబడిన పెట్రోలు వార్నిషు వాసన కొట్టింది. మీటరు మాత్రం ఏడు వేల కిలోమీటర్లు కూడా దాటలేదు.

"ఇంత తక్కువ తిరిగిన బండిని మూలన పడేశారేమండీ?" అని అడిగింది.

"నడుంనొప్పమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు.

ట్రాలీ ఆటో రాగానే ఆ పెద్దాయనే వంగి వెనక చక్రం ఎత్తబోయాడు. నడుంనొప్పి ఏమైందోనని ఆమె లోలోపల అనుకుంది. మంచినీళ్ళు తెచ్చిన ఆయన భార్య మొగుడి వంక ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది.

ఆమె చేతిసంచిలోంచి కాగితం, పెన్సిల్ తీసింది. హ్యాండిల్ కింద ఇనుము మీద చెక్కిన నంబరును గుడ్డతో తుడిచి, కాగితం ఆనించి, పెన్సిల్‌తో మెల్లగా రుద్దింది. అంకెలు ఒక్కొక్కటీ తేలాయి.

"బండి పుస్తకంలో ఉంది కదమ్మా ఆ నంబరు," అన్నాడు పోస్టుమాస్టరు.

"ఉంటుందండీ. చూసుకుంటే పోలా."

"త్వరగా కట్టేయండి, వానొచ్చేలా ఉంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

బ్రేకులు పట్టేసి చక్రాలు తిరగలేదు. వాలుగా వేసిన చెక్క మీదుగా ముగ్గురు మగవాళ్ళు బండిని ఈడ్చి ఎక్కించారు. భర్త వేసిన ముడి విప్పి, తాడును రెండు వైపులా ఆమే బిగించింది. తర్వాత బండి పక్కనే కూర్చుని, ఆటో కుదుపుల మధ్య కాగితాన్నీ రిజిస్ట్రేషన్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివింది. అంకెలన్నీ కలిశాయి, చివరిది తప్ప. పుస్తకంలో ఏడు. బండి మీద ఎనిమిది.

ఆటో ఆపించి భర్తకు చూపించింది.

"తుప్పు తినేసి అలా కనిపిస్తోందే," అన్నాడాయన.

"తుప్పు ఉన్నదాన్ని తింటుందిగానీ లేనిదాన్ని చెక్కదు. ఇది దొంగబండైతే ఒకటో తారీకు మీరు లిఫ్టులో ఉండరు, లాకప్పులో ఉంటారు. వెనక్కి తిప్పమనండి."

వాళ్ళు వస్తారని తెలిసినట్టే పోస్టుమాస్టరు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"దొంగది కాదమ్మా," అన్నాడు, అడక్కముందే. "నేనూ మా తమ్ముడూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే రకం బండ్లు కొన్నాం. పక్కపక్క నంబర్లు. పుస్తకాలు రాసేటప్పుడు నా పేరున వాడి నంబరూ, వాడి పేరున నా నంబరూ పడ్డాయి. మేం చూసుకునేసరికి ఏడాదైంది. ఆపాటికి నాన్నగారి ఇంటి పంపకం దగ్గర మాకు మాటలు పోయాయి. దిద్దించాలంటే ఇద్దరం ఆఫీసులో పక్కపక్కన నిలబడి సంతకాలు పెట్టాలి. వాడు ముందొచ్చి నిలబడితే నేనొస్తానన్నాను."

"ఆయనేమన్నారు?"

"అదే అన్నాడు."

"మరి ఆయన బండి?"

"వెనక వీధిలో. వాడి షెడ్డులో."

కాగితాలు కుదిరేదాకా అడ్వాన్సు పోను మిగతా డబ్బు ఇచ్చేది లేదని చెప్పి ఆమె వెనుదిరిగింది. పోస్టుమాస్టరు భార్య గేటు దాకా వచ్చి గొంతు తగ్గించింది. "మా తోడికోడలూ నేనూ రోజూ కూరగాయల దగ్గర మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ ఇనుము ఎప్పుడు పోతుందా అని అక్కడా ఎదురుచూస్తున్నారు."

ఆ రాత్రి తాడు, ఇంటి ముందు దించిన బండికే ఉండిపోయింది. తడి బట్టలు కుర్చీలన్నీ ఆక్రమించుకుంటే ముగ్గురూ నేల మీద భోజనానికి కూర్చున్నారు. ఆయన అన్నం కెలుకుతున్నాడు.

"తిరిగిచ్చేస్తాను. పాత కంపెనీవాళ్ళనే బతిమాలుకుంటా."

"ఇవ్వడం లేదు," అంది ఆమె. "రేపు ఆ తమ్ముడిగారి బండి కూడా కొంటున్నాం."

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఎవరి పేరున ఉన్న పుస్తకానికి వాళ్ళు, ఎవరింట్లో వాళ్ళు అమ్మకం సంతకం పెడతారు. బండ్లు రెండూ, పుస్తకాలు రెండూ మన దగ్గరికొస్తే ఏడుకి ఏడు, ఎనిమిదికి ఎనిమిది. ముందు ఆ బండి మీద నంబరు రుద్ది చూస్తాను. అది ఏడైతేనే."

"వాడికున్నది ఒక్క నడుమేగా, రెండు బండ్లెందుకే?" అంది అత్తగారు.

"రెండోది నేను నేర్చుకుంటానత్తయ్యా." ఆమె భర్త కంచంలో మరో గరిటె వడ్డించింది. "తినండి. పొద్దున్నే వెళ్ళాలి. దారిలో ఇంకో తాడు కొనండి. ఈసారి మీ డబ్బులతో."