నలభై ఒకటో లాట్

మూడో కాగితపు చుట్ట విప్పేసరికి అంబుజమ్మ ముంజేతులు తడిసిపోయాయి. తడి కాగితం మీద టమోటా మొలకలు వరుసలు వరుసలుగా తెల్లటి వేళ్లు చాచుకుని, తలో రెండు ఆకులు విప్పుకుని, అప్పుడే నిద్రలేచినట్టున్నాయి. ఇరవై మూడేళ్లుగా చూస్తున్నా ఆ క్షణంలో ఆమెకు నవ్వు రాక మానదు. పట్టకారుతో ఒక్కో మొలకనూ ఎత్తి పక్కన పెడుతూ లెక్కపెట్టింది. వేరు లేకుండా ఉత్త కాడ మాత్రమే లేచినవి వేరే కుప్ప. చూడ్డానికి అవీ మొలకలే. నారుమడిలో పెడితే మూడో రోజుకు తల వాల్చేస్తాయి.

నూటికి అరవై ఎనిమిది. కొప్పులో కనకాంబరాల మధ్య గుచ్చుకున్న పొట్టి పెన్సిల్ తీసి కాగితం అంచున రాసుకుంది.

కర్ణాటకలో, చిక్కబళ్ళాపుర శివార్లలోని ఆ విత్తనాల కంపెనీ ల్యాబులో తడి తగిలే కాగితాల మీద పెన్సిల్‌తోనే రాయాలన్నది ఆమె పెట్టిన పద్ధతి. నీళ్లకు సిరా కరిగిపోతుంది, పెన్సిల్ గీత కరగదు. తొమ్మిదేళ్ల కిందట కొత్తగా చేరిన లోకేశ్ ఆ సంగతి తెలియక ఇరవై నాలుగు చుట్టల మీద జెల్ పెన్నుతో అందంగా రాశాడు. తెల్లారేసరికి అన్నీ నీలి మరకలే, ఏ చుట్ట ఏ లాటు విత్తనాలదో దేవుడికే తెలియాలి. అంబుజమ్మ ఎవరికీ చెప్పకుండా ఇరవై నాలుగూ మళ్లీ పెట్టింది. ఆ లోకేశే ఇప్పుడు ల్యాబ్ మేనేజరు.

ఆమె పరగోడు అనే పల్లె నుంచి వచ్చి, విత్తనాలేరే దినకూలీగా చేరి, ల్యాబ్ అసిస్టెంట్ అయింది. పదకొండేళ్లుగా అక్కడే ఆగింది. ఈ రోజు పదకొండింటికి అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు ఇంటర్వ్యూ. అందుకే చిలకపచ్చ చీర. దర్జీ పని చేసే మొగుడు ఆంజనేయప్ప దాని మీదికి రవిక కుట్టి, చేతుల అంచున సన్నటి తెల్ల పైపింగు వేశాడు. పొద్దుట్నుంచీ ఆమె ఆ పైపింగును చూసుకోవడం ఇది అయిదోసారి.

నాలుగో చుట్ట కూడా విప్పింది. నాలుగింటి సగటు అరవై ఆరు. డెబ్బై దాటితేగానీ లాట్ బయటికి పోకూడదు.

లోకేశ్ లోపలికొచ్చాడు. "ఏమక్కా, అసిస్టెంట్ మేనేజర్ కళ వచ్చేసిండాది!"

"నాకు వచ్చింది సార్. నలభై ఒకటో లాటుకే రాలేదు. అరవై ఆరు."

"ఆ పక్కన ఇంగో కుప్ప ఉండాది కదా?"

"అవి వేరు లేనివి."

"మొలిచినాయి కదక్కా."

"మొలిచినాయి, బతకవు. నీకు నేర్పించిందాన్ని, నాకే చెప్తాండావా?"

లోకేశ్ గొంతు తగ్గించాడు. "శుక్రవారం లోడు పోవల్ల. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. డెబ్బై రెండు అని రాసేస్తే నీ పోస్టు గూడా సులువవతాది."

"ఆ రెండింటికీ ముడి యెప్పుడేసినావప్పా?" అని ఆమె మళ్లీ పట్టకారు పట్టుకుంది.

పదకొండింటికి ల్యాప్‌టాప్ తెరలో బెంగళూరు నుంచి హెచ్చార్ ఆశ మేడం నవ్వుతూ కనిపించింది. తెలుగులోనే మాట్లాడమని, ఇన్నేళ్ల ఉద్యోగంలో మీరు సాధించిన విజయం ఏమిటని అడిగింది.

అంబుజమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నేను సంతకం పెట్టిన లాట్ ఒగటి గూడా రైతు దగ్గర్నుంచి తిరిగి రాలేదమ్మా. ఇంగ, నేను వద్దన్న లాట్లు ముప్పై ఏడు. అవి బయటికే పోలేదు గాబట్టి ఎవురికీ తెలీదు. అది గూడా విజయమే. కాకుంటే చూపించేకి ఏమీ లేదు."

ఆశ మేడం పకపకా నవ్వింది. తరవాతి ప్రశ్న కోసం కాసేపు కాగితాలు వెతుక్కుంది.

మధ్యాహ్నం క్యారియర్ మూత తీస్తే రాగి ముద్ద మీద అరిటాకు ముక్కలో చుట్టిన పూర్ణం ఓళిగ, దాని మీద రవిక గుడ్డ కొలతల చీటీ. వెనక ఆంజనేయప్ప రాత: 'పోస్టు వచ్చినా రాకున్నా ఇది మాత్రం తిను.' నెయ్యి కారుతున్న వేళ్లతో ఆ చీటీని రెండుసార్లు చదివింది. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో తలుచుకోవడం కూడా మరిచిపోయి ఓళిగ మొత్తం తినేసింది.

నాలుగింటికి లోకేశ్ రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో డెబ్బై రెండు అని ప్రింటు చేసి ఉంది. కింద ఆమె సంతకానికి ఖాళీ.

"ఆశ మేడం ఓకే అనేసింది. నీ లెటర్ నా మెయిల్లో ఉండాది. ఇదొగటి అయిపోతే పంపిచ్చేస్తా."

ఆ లెటర్ పదకొండేళ్లుగా ఎదురుచూసిన కాగితం. అంబుజమ్మ చేతులు తుడుచుకుంది. "ఆ పొద్దు నీ సిరా కరిగిపోయినప్పుడు నేను గూడా నోటికొచ్చిన అంకె రాసేసుంటే, నువ్వీ పొద్దు యాడుండేవాడివి లోకేశా?"

అతను నేల చూశాడు. "నన్ను ఇరకాటంలో పెట్టొద్దక్కా. సంతకం చెయ్యకుంటే రేపట్నుంచి నిన్ను ప్యాకింగుకు పంపల్ల. నా చేతుల్లో లేదు."

"నా చేతుల్లో ఉండాది."

పెన్ను తీసుకుని డెబ్బై రెండు కొట్టేసి, అరవై ఆరు వేసి, సంతకం పెట్టింది. ఇంకో తెల్లకాగితం మీద కన్నడంలో నాలుగు లైన్ల రాజీనామా రాసింది. "ఈ గింజలు పొట్లాల్లోకి పోతాంటే ప్యాకింగులో కూచోని చూడలేను."

"ఈ వయసులో యాడికి పోతావక్కా?"

"చింతామణి దోవలో నారు పెంచేవాళ్లకు కరువా? నర్సరీ చెన్నరాయప్ప మూడేండ్లుగా పిలుస్తాండాడు. అసిస్టెంట్ మేనేజర్ అని బోర్డు నేనే రాసుకుంటాలే, పెన్సిల్‌తో!"

లోకేశ్‌కు నవ్వొచ్చింది. నవ్వలేక, రెండు కాగితాలూ తీసుకుని వెళ్లిపోయాడు.

అయిదుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఉత్త చేతులతో కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. కొత్త కాగితం తడిపి, నలభై ఒకటో లాట్ విత్తనాలు వంద, పదేసి వరుసల్లో పేర్చింది. పైన ఇంకో కాగితం కప్పి, వదులుగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి, కొప్పులోంచి పెన్సిల్ తీసింది. రాయవలసినవి రాసి, చుట్టను మొలకల పెట్టెలో నిలబెట్టి తలుపు మూసింది. చేతులు కడుక్కుని, గేటు దగ్గర వాచ్‌మన్‌కు రోజూ చెప్పినట్టే "వస్తా అప్పా" అంది.

రోడ్డు దాటి అరకిలో ద్రాక్ష కొనుక్కుంది. బస్టాండు దాకా ఒక్కో పండూ నోట్లో వేసుకుంటూ, ఎవరు చూస్తే ఏమన్నట్టు గింజలు ఊసుకుంటూ, పైపింగు మెరిసేలా చేతులు ఊపుకుంటూ నడిచింది.

ల్యాబులో దీపాలు ఆరిపోయాయి. మొలకల పెట్టెలో మాత్రం ఆ చుట్ట నిలబడి ఉంది. లాట్ నంబరు, మొలకలు లెక్కపెట్టాల్సిన పద్నాలుగో రోజు తేదీ, 'తప్పకుండా విప్పవలెను' అన్న మాట, కింద అంబుజమ్మ పొడి అక్షరాలు. వాటి మీదుగా నీటి బొట్లు ఒకటొకటే జారుతున్నాయి.