సెలవు అడగని గది

ఆమె ఉద్యోగస్తులకు కోచ్. కోచ్ అంటే పిల్లల చేత మైదానంలో పరుగులు పెట్టించే మనిషని ఆమె అత్తగారి నమ్మకం. కాదత్తయ్యా, పెద్ద ఆఫీసర్లకు కొత్త పదవిలో కుదురుకోవడం, పని ఒత్తిడిలో నిబ్బరంగా ఉండడం నేర్పుతానని చెబితే, అంత చదువుకున్నవాళ్లకి అది కూడా ఒకరు నేర్పాలా అని ఆవిడ నవ్వేది.

ఈసారి కబురు పెట్టింది ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూసే విభాగం. పాత మేనేజరు చనిపోయాక ఆ స్థానంలోకి వచ్చిన మేనేజరమ్మకు కంటి మీద కునుకు లేదు. తన కింద పనిచేసేవాళ్లు ఎవరూ సెలవు పెట్టరు. జ్వరంతో వణుకుతూ కూడా వచ్చి కూర్చుంటారు. అడిగినదానికి ముక్తసరిగా జవాబిస్తారు, అదీ తల ఎత్తకుండా. తనను సాగనంపడానికే ఈ పంతమంతా అని ఆవిడ అనుమానం. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే రాజీనామా ఇచ్చేస్తానంది.

ఆ గదిలో అడుగు పెట్టగానే కోచ్‌కు ఒక వింత కనిపించింది. కిటికీ పక్కన పాత మేనేజరు కుర్చీ ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని వెనకనుంచి ఎవరూ నడవరు. ఫైలు కావాలంటే గదంతా చుట్టి వస్తారు. మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూసి గొంతు తగ్గిస్తారు. బతికున్న బాసుకు ఇంత మర్యాద ఏ ఆఫీసులో దక్కుతుంది గనక.

తన విద్యలో ఆరితేరిన మనిషి కదా, కోచ్ ఎక్కువ ఆలోచించలేదు. మీ పని నేను చూసుకుంటాను, నిశ్చింతగా సెలవు పెట్టండని చెప్పి వాళ్ల మనసు గెలుచుకోమంది. మేనేజరమ్మ అక్షరం పొల్లుపోకుండా అలాగే చెప్పింది. ఒక్కరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. అందరికీ పెద్దవాడు, అంతా బాబాయ్ అని పిలిచే ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

కోచ్ వెనకే వెళ్లింది. ఆయన మెట్ల దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు. బతిమాలితే చెప్పాడు. అప్పట్లో అందరూ ఒకేసారి సెలవు అడిగారట. ఒకరింట్లో పెళ్లి, ఒకరికి ప్రయాణం, తనకైతే ఊరికే ఒళ్లు బద్ధకం. పాత సారు ఎవరినీ కాదనలేదు.

"ఆయనా సరిగ్గా ఇదే మాటన్నారమ్మా, మీ పని నేను చూసుకుంటానని. ఆ కుర్చీలోనే పోయారు. మేం తిరిగొచ్చేసరికి మా పనంతా పూర్తయి ఉంది."

కోచ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. లోపలికి వచ్చి మేనేజరమ్మను పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పింది. ఇప్పుడేం చెయ్యమంటారని ఆవిడ అడిగితే, ఈసారి మీకు తోచిందే చెయ్యండంది.

ఈలోగా బల్ల చివర కూర్చున్న అమ్మాయి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. రేపు వాళ్లమ్మకు ఆపరేషనట. ఆ సంగతి కుర్చీ వైపే చూస్తూ చెప్పింది. సెలవు అన్న మాట మాత్రం నోటికి రాలేదు.

మేనేజరమ్మ వెళ్లి ఆ పిల్ల కంప్యూటరు కట్టేసింది.

"వెళ్లమ్మా. నీ పని ఎవరూ చెయ్యరు. నేనూ చెయ్యను. నువ్వొచ్చేదాకా అలా పడి ఉంటుంది, ఉండనీ."

అమ్మాయి కుర్చీ మీంచి చూపు తిప్పి, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది.