బాఫో చెప్పులు ఊడదీసిన నాడు

అఫువా కేక ఆవిరి మోతలో ముందు ఎవరికీ వినపడలేదు. వినపడేసరికే ఆమె చెయ్యి మణికట్టు దాకా ఇస్త్రీ రోలర్ల మధ్యకు పోయింది. తోటి కూలీ దీనమ్మ పరుగెత్తుకెళ్ళి మిషన్ ఆపింది. సబ్బునీళ్ళ నేల మీద వట్టి కాళ్ళతో జారింది ఆ పిల్ల. చెప్పులేమయ్యాయంటారా? నానా బాఫో వస్తున్నాడని విప్పింది!

ఎవడీ బాఫో? డెట్రాయిట్‌లోని ఘనా దేశపు ఆకాన్ జనం తమకు పెద్దగా ఎన్నుకుని, పీట అనే సింహాసనం మీద కూర్చోబెట్టుకుని, గౌరవంగా 'నానా' అని పిలిచే రాజు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీకి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు కూడా వాడే. రాజు ముందు చెప్పులతో నిలబడకపోవడం వాళ్ళ మర్యాద. ఆ మర్యాదను ఈ మహానుభావుడు మిషన్ల మధ్యకు లాక్కొచ్చాడు. తెనాలి చర్చి గుమ్మంలో చెప్పులు విడిచి పెరిగిన దీనమ్మ కూడా, పెద్దాయన కదా అని రోజూ విప్పేసేది.

"అంబులెన్స్‌కి ఫోన్ చేయండి!" అని అరిచింది దీనమ్మ.

"ఈ దేశంలో ఉండే పేపర్లు లేని పిల్ల. గుడ్డ కట్టండి చాలు," అన్నాడు బాఫో.

అఫువా కంప్లైంట్ ఇస్తానంది. ఆ వారమే ఇమిగ్రేషన్ వాళ్ళు వచ్చారు. గుమ్మంలో నిలబడి ఆమెను వాళ్ళకు చూపించింది సాక్షాత్తూ ఆమె రాజే. కట్టున్న చేతికి బేడీ పట్టక, రెండో చేతికి వేసి తీసుకుపోయారు. అందరూ చూశారు. చూసి మళ్ళీ దుప్పట్లు మడత పెట్టారు. ఏం చేస్తారు మరి, పాపం!

"పని ఆపేద్దాం," అంది దీనమ్మ.

"ఆయన పీట మీదుండగా ఎదురు తిరిగితే మా పితరులకు ఎదురు తిరిగినట్టే," అంది అబ్రఫీ. ఆమె వాళ్ళ రాణితల్లి. రాణితల్లి అంటే రాజు భార్య కాదు, రాజుగా ఎవరుండాలో పేరు చెప్పే పెద్దావిడ. ఇక్కడ ఆమె కూడా దుప్పట్లు మడిచే కూలీయే. బాఫో పేరు చెప్పింది తనే.

దీనమ్మకు ఒళ్ళు మండింది. "అలాంటోణ్ణి చెప్పుతో కొట్టాలి!"

"మేం కొట్టం, చెప్పులు ఊడదీస్తాం. అరికాలు వట్టి నేలకు తగిలితే వాడిక రాజు కాదు. కానీ వాడి నేరం ముందు నేనే చెప్పాలి. నాక్కూడా పేపర్లు లేవు దీనా. మరుసటి రోజే వ్యాన్ నాకోసం వస్తుంది."

ఇంట్లో దీనమ్మ మొగుడు ప్రేమానందం గొంతు తగ్గించి అన్నాడు. "వాళ్ళ రాజు, వాళ్ళ గొడవ. మన గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది. నీకెందుకే?"

"కాలిన చెయ్యి వాసన ఇంకా నా ముక్కులోనే ఉందండీ. మీరు ప్రార్థన చేసుకోండి. నేను వాళ్ళ పంచాయతీలో సాక్ష్యం చెప్పడానికెళ్తా."

అబ్రఫీ తెగించి పిలిపించిన ఆ పంచాయతీకి ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఆకాన్ జనం కిక్కిరిశారు; బాఫో పీట మీదే కూర్చున్నాడు. చూసింది చూసినట్టు చెప్పింది దీనమ్మ. ఒక పెద్దమనిషి లేచాడు.

"పరాయి దేశంలో మన పరువు మనమే తీసుకుంటామా?"

"చెయ్యి పోయిన పిల్లకు లేదా పరువు? నీ కూతురైతే ఇలాగే మాట్లాడేవాడివా?" అని వెనక నుంచి ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు.

అబ్రఫీ లేచి నిలబడింది. "బాఫో! పీట ఎక్కేనాడు మా మాట వింటానని ప్రమాణం చేశావు. మా బిడ్డను పట్టించావు. నిన్ను ఎంచింది నేను. వద్దంటున్నదీ నేనే."

బాఫో నవ్వాడు. "ఒక్క ఫోన్ చేస్తే చాలు ముసలీ, నువ్వూ అఫువా పక్కకే పోతావు."

అంతే. పరువు గురించి మాట్లాడిన ఆ పెద్దమనిషే ముందుకొచ్చి వంగాడు. ఇంకొకరు తోడయ్యారు. బంగారు రేకుల చెప్పులు ఊడొచ్చాయి. వాణ్ణి పీట మీంచి దించి సిమెంటు నేల మీద కూలేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రేపేమవుతుందో అందరికీ తెలుసు.

తెలిసినట్టే అయింది. సోమవారం పొద్దున్నే లాండ్రీ ముందుకు ఇమిగ్రేషన్ వ్యాన్ వచ్చింది. అబ్రఫీ బతిమాలలేదు. తలకున్న పని టోపీ తీసి దీనమ్మ చేతిలో పెట్టి ఎక్కింది. "అయిపోయాం, ఒక్కొక్కరినీ ఏరేస్తాడు," అంటూ ఒకామె గోడకు ఆనుకుని ఏడ్చింది. దీనమ్మకూ ఏడుపు ఆగలేదు. ధైర్యం చెబుదామంటే దగ్గర ధైర్యమే లేదు.

అప్పుడొచ్చాడు బాఫో, కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ. అలవాటుగా వాళ్ళ కాళ్ళకేసి చూశాడు.

"విప్పండి."

ఎవరూ కదల్లేదు. ఏడుస్తున్న ఆమె కూడా ముక్కు తుడుచుకుని, చెప్పుల్లో కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడింది.

"చెవుడా? విప్పమంటున్నా!"

దీనమ్మ చెయ్యి చాచి తన మిషన్ స్విచ్ ఆపింది. పక్కామె ఆపింది. ఆ వరసంతా ఆగింది. చివరి రోలరు ఆగేసరికి లాండ్రీలో ఒకరి ఊపిరి ఒకరికి వినపడింది.

"అఫువాను తీసుకురా!" అన్నారు ఎవరో.

"అబ్రఫీని తీసుకురా!" అన్నారు అందరూ.

ఈసారి ఆవిరి మోత లేదు. కేక వీధి అవతలి దాకా వినపడింది.