దేవుని కుండ

వానలు మొహం చాటేసిన ఆ ఏడు, కోసిగి దగ్గరి ఆ పల్లె సగానికి సగం మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయింది. పాస్టరూ వాళ్లతోనే పోయాడు. చర్చికి తాళం పడింది.

ఎస్తేరమ్మ మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయింది. వండిన ప్రతిసారీ ముందు ఒక పిడికెడు బియ్యం దేవుని కుండలో వేసి, ఆదివారం చర్చిలో ఇవ్వడం ఆమెకు అలవాటు. తాళం పడ్డాకా వేయడం మానలేదు. ఇప్పుడు ఆ కుండ నిండుగా ఉంది, ఇంట్లో మాత్రం బియ్యం నిండుకున్నాయి.

"దేవునిది ముట్టేదానికి నాకేం పోయేకాలమా?" అని నిన్నటి నుంచీ మంచినీళ్లతోనే గడుపుతూ మొండికేసింది.

పక్కింటి లాలాబీ వచ్చి వెలగని పొయ్యి చూసింది, కుండా చూసింది.

"అక్కా, ఆకలైతాంది. మీ దేవునికి చుట్టమొచ్చిందనుకో, వండి పెట్టు."

చుట్టాన్ని పస్తు పంపడం ఎస్తేరమ్మకు చేతకాదు. గొణుక్కుంటూనే ఆ బియ్యం వండి, లాలాబీకి వడ్డించి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. కళ్లు తెరిచేసరికి తన ముందర కూడా అన్నం పెట్టిన కంచం ఉంది.

"నేను ముట్టనంటి గదా!" అని కసిరింది.

"ఇన్నేండ్లు ఆయనకు నువ్వు పెట్టినావు. ఒక్క పూట ఆయన పెడితే తినేదానికి అంత పొగరేందక్కా?"

ఎస్తేరమ్మ "ఆమెన్" అని కంచం దగ్గరికి లాక్కుంది.