వీపు తిప్పిన ఫొటోలు

గురువారం సాయంత్రం హాస్పిటల్ బస్సు దిగి అల్ కుసైస్ అనే గల్ఫ్ పేటలోని ఫ్లాట్‌కి రాగానే దయాకుమారి కుక్కర్‌లో బియ్యం పడేసి, నర్సు యూనిఫామ్ కూడా మార్చుకోకుండా ట్యాబ్ ముందేసుకుని కూర్చునేది. ఒకటో తరగతి చదివే కొడుకు బ్లెస్సన్ పోర్ట్‌ఫోలియో నింపాలి. క్లాసులో చేసిన పనిని టీచర్ ఫొటో తీసి అందులో పెడుతుంది. ఆ ఫొటో కింద, తనేం నేర్చుకున్నాడో, ఏది కష్టమైందో పిల్లవాడు తన గొంతుతో చెప్పాలి. శుక్రవారం బడి సగంపూటే కాబట్టి ముందు రోజు ఎనిమిదింటికల్లా వాయిస్ చేరిపోవాలి.

ఆరేళ్ల పిల్లలకు అదంతా చెప్పడం వచ్చా? రాకపోతే తల్లులు చూస్తూ ఊరుకుంటారా? క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు తయారుచేసి పెట్టేవారు. మిగతావాళ్లు వాటిని పిల్లల చేత బట్టీ పట్టించేవారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలూ ఒకే వారం, ఒకే రాగంలో, "ఐ నెవర్ గివప్" అని అప్పజెప్పేవారు.

అయితే వాయిస్‌లోని మాటలు పిల్లవాడి సొంతం కాకపోతే ఫొటోలోని పిల్లవాడు వెనక్కి తిరిగి కూర్చునేవాడు. సగం నేర్పించినవైతే పక్కకి తిరిగేవాడు. వీపు కనిపించే ఫొటోలకు మార్కులుండవని స్కూలువాళ్లు సర్క్యులర్ కూడా పంపారు. రమీజ్ వాళ్లమ్మ మాత్రం కొడుకు క్రాఫు బాగా పడిందని ఆ వీపు ఫొటోలనే మురిసిపోతూ స్టేటస్ పెట్టుకునేది.

బ్లెస్సన్‌వి ఇప్పటికి పదకొండు ఫొటోలు, పదకొండు వీపులు.

మార్చి మొదటి గురువారం క్లాస్ టీచర్ తహ్మీనా ఫోన్ చేసింది. ఆమెది నెల్లూరు.

"దయా గారూ, రేపు మీటింగు గుర్తుంది కదా? బోర్డు మీద ఇచ్చిన పని మీవాడు చెయ్యట్లేదండీ. అడిగితే తెలీదు మేడమ్ అంటాడు. ఇంకో ఏడాది ఒకటో క్లాసులోనే ఉంచుదామంటున్నారు సూపర్‌వైజర్. పోర్ట్‌ఫోలియో చూపించి ఒప్పిద్దామంటే..."

"అన్నీ వీపులే కదా మేడమ్."

"అదేనండీ నా బాధ. ఈ ఒక్కసారి వాడి మాట రానీయండి. తెలుగులో చెప్పినా పర్లేదు."

ఫోన్ పెట్టేశాక దయాకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది. తన బిడ్డ మొద్దు కాదు. చర్చిలో పాట రెండుసార్లు వింటే పట్టేస్తాడు. తోటివాళ్లంతా పై క్లాసుకి వెళ్లిపోతే వీడొక్కడూ చిన్నపిల్లల మధ్య మిగిలిపోవాలా? పోనీ భర్తని అడుగుదామంటే, జాన్‌బాబు ఊరవతల సజ్జా అనే చోట ఫ్యాక్టరీ వదిలి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది.

కళ్లు తుడుచుకుని కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కొత్త ఫొటో బోర్డు దగ్గర నుంచి తీసింది. పిల్లలంతా బోర్డు వైపు చూస్తుంటే బ్లెస్సన్ మాత్రం, ఇంకా వాయిస్ పెట్టకముందే, అలవాటు కొద్దీ వీపు తిప్పేసి ఉన్నాడు.

"చెప్పరా నాన్నా, ఆ రోజు ఏం చేశారు?"

"ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ మై..." గుక్క తిప్పుకోకుండా మొదలెట్టాడు.

"ఖలాస్, అది వద్దు. నీకేం అనిపించిందో అది చెప్పు."

వాడు అనుమానంగా చూశాడు. "కొడతావా?"

"కొట్టన్రా, ఒట్టు."

"మేడమ్ బోర్డు మీద చీమల్ని రాస్తాది మమ్మీ. అవి చూసి అందరూ అంకెలేస్తారు. నేను పక్కన ఫిజా బుక్కులో చూసి ఏస్తాను. ఫిజా బడికి రాకపోతే తెలీదు మేడమ్ అంటాను."

ఫొటోలో బ్లెస్సన్ కదిలాడు. ముందు చెవి కనిపించింది, తర్వాత బుగ్గ, ఆఖరికి ముఖమంతా. దయాకుమారి పట్టలేని సంతోషంతో ట్యాబ్ దగ్గరకు లాక్కుంది. అప్పుడు సరిగ్గా చూసింది. వాడి నుదురు ముడతలు పడి ఉంది. మెడ ముందుకు సాగి ఉంది. కళ్లు సన్నటి గీతల్లా చికిలించుకుపోయి ఉన్నాయి.

"ఎదురుగా క్యాలెండర్ మీద పెద్ద అంకె ఎంతరా?"

"దాని మీద అంకెలుంటాయా మమ్మీ?"

వాడిని గట్టిగా పొదువుకుని భోరుమంది. రోజంతా వార్డులో ఊరివాళ్ల నాడి పట్టుకు చూసే మనిషి, మూడు నెలలుగా కన్నకొడుకు నోట్లో మాటలు కుక్కడమే తప్ప వాడి కళ్లలోకి చూడలేదు.

"యల్లా, పద, చెప్పులేసుకో" అంటూ స్టవ్ ఆపేసింది. కింద వీధిలో కళ్లజోళ్ల షాపు తెరిచే ఉంది. అక్కడి డాక్టరు రెండు కళ్లకూ మైనస్ మూడున్నర అని రాసిచ్చాడు.

మర్నాడు మీటింగులో ఆ చీటీ, తిరిగిన ఫొటో పక్కపక్కనే పెట్టారు. సూపర్‌వైజర్‌కి తహ్మీనా చీమల సంగతి హిందీలో చెప్పింది. ఆయన వాయిస్‌ని రెండుసార్లు విన్నాడు. తర్వాత కాగితం మీద 'అదే తరగతి' అన్న మాట కొట్టేసి, రెండో తరగతి అని రాశాడు. ఇందరం ఉండి గమనించలేకపోయామని తహ్మీనా కళ్లనీళ్లు పెట్టుకుంది.

తర్వాతి గురువారం దయాకుమారి ట్యాబ్ వాడి చేతికే ఇచ్చేసి కూర తాళింపు వేయడానికి వెళ్లిపోయింది. గదిలోంచి వాడి గొంతు తీరిగ్గా, గొప్పగా వినిపించింది.

"ఈ వారం నేను నేర్చుకున్నది ఏంటంటే, మా తహ్మీనా మేడమ్‌కి ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది. నవ్వినప్పుడు అది కూడా కదులుతాది."