అఖిల వీపు మీద చెయ్యి

మిరపకాయ ఎండే రోజుల్లో నాలుగో తరగతి గదిలో తుమ్ములు తప్పవు. ఈసారి ఆ తుమ్ములన్నిటికీ అఖిలే కారణమని పిల్లలు తీర్మానించేశారు. ఆ పిల్ల పొద్దున్నే అమ్మమ్మతో కల్లంలో ఎండే మిరపలోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి, అదే గౌనుతో బడికొస్తుంది. పక్కన కూర్చుంటే ముక్కు మండుతోందని శ్రీరమ్య రుమాలు అడ్డం పెట్టుకుంటే, మిగతావాళ్లూ పెట్టుకున్నారు. బాలసరస్వతి టీచరు కసిరినా, బతిమాలినా ఎవరూ అఖిల పక్కకి చేరలేదు.

సోమవారం అఖిల వచ్చి, "రేపట్నుంచి అమ్మమ్మతో మిరప కోతకి పోతానండి. బడికి రాను" అంది. కోతకి అలవాటుపడ్డ పిల్ల మళ్లీ పుస్తకం పట్టడం టీచరు ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం ఆటల పీరియడ్. రోజూ ఆడించాలని పైనుంచి ఆర్డరొచ్చినప్పుడు, "చదువుకే దిక్కులేదు, పైగా ఈ గంతులొకటా" అని సణిగిన మనిషే ఆవిడ. అయినా ఖోఖో పెట్టింది. ఏ జట్టూ కోరుకోని అఖిలను, ఆటలో అరటిపండులా శ్రీరమ్య జట్టు వరుసలో కూర్చోబెట్టింది.

శ్రీరమ్య తరుముతోంది. అవతలి జట్టు సాయికౌశిక్ అందినట్టే అంది, అఖిల ఉన్న వైపు జారుకున్నాడు. శ్రీరమ్య చెయ్యెత్తి, ముట్టుకోకుండానే "ఖో" అంది. టీచరు విజిలేసింది.

"వీపు తట్టలేదు. ఫౌలు."

"తట్టవే. నీ వల్ల ఓడిపోతాం" అని సొంత జట్టే శ్రీరమ్య మీద విరుచుకుపడింది.

ఈసారి శ్రీరమ్య అఖిల వీపు మీద ఫెళ్లున చరిచింది. అఖిల లేచిందంతే. మిరపచాళ్ల మధ్య మొక్క విరగకుండా పరిగెత్తే కాళ్లు అవి. సాయికౌశిక్ రెండు మలుపుల్లో దొరికిపోయాడు. జట్టంతా వచ్చి అఖిలను వాటేసుకుంది. రుమాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు టీచరు బడికొచ్చేసరికి అఖిల కనబడలేదు. గేటు దగ్గర అమ్మమ్మ సుబ్బరావమ్మ ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో అఖిల పుస్తకాల సంచి. బడికిచ్చేసి పోవడానికే తెచ్చిందనుకుంది టీచరు.

"కోతకి తీసుకెళ్తున్నారా?"

"ఎక్కడండీ. ఆ శ్రీరమ్య తెల్లారకముందే వచ్చి, నువ్వు రాకపోతే మన జట్టు ఓడిపోద్దని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మా పిల్ల సంచి కూడా మర్చిపోయి పరిగెత్తింది. బడి వెనకాల ఆడుతున్నారు, చూడండి."

బాలసరస్వతికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని సంచి అందుకుంది.

"బెల్లు వేళయినట్టుందండీ. పిలుచుకు రానా?" అంది సుబ్బరావమ్మ.

"కాసేపుండండి," అంది టీచరు. "ఆడనీ."