ఇసుకలో మెట్టెలు

కోటేశ్వరి కాలివేళ్లకు చుట్టిన ప్లాస్టర్‌ను రిఫరీ నొక్కి చూసింది. కింద గట్టిగా తగిలింది. తల అడ్డంగా ఊపింది.

"మెటల్. నో. రిమూవ్," అని గడియారం చూపించి వెళ్లిపోయింది.

పొద్దున్నే సింగపూర్ పాయా లేబర్ పేటలోని క్యాంటీన్‌లో కోటేశ్వరి డేగిసాల కొద్దీ అన్నం వార్చింది. ఆదివారం సెలవడిగితే, వంటయ్యాకే పొమ్మన్నాడు యజమాని. బస్సు తప్పిపోయింది. పరుగెత్తి ఈ సముద్రం ఒడ్డుకు చేరి, నడుముకీ తొడకీ ఎర్రపట్టీ చుట్టించుకుంటే, ఇప్పుడు ఇది.

ఇది కొరియా వాళ్ల కుస్తీ. సిరుమ్ అంటారు. ఒకరి పట్టీ ఒకరు పట్టుకుని ఇసుకలో పడేయాలి. మోకాళ్లమీద కూర్చుని పట్టు పట్టి, లేచాక మోకాలు నేలకు తగిలినా ఓడినట్టే. పార్క్ అనే కొరియా ఆవిడ ఆదివారాలు ఆడవాళ్లకు నేర్పుతోంది. ఈ రోజు గెలిచినామెను తన దగ్గర శిక్షకురాలిగా పెట్టుకుంటానంది. క్యాంటీన్ పొయ్యి నుంచి బయటపడడానికి కోటేశ్వరికి వేరే దారి లేదు. హైస్కూల్లో కబడ్డీ ఆడిన పిల్ల. పెళ్లిచేసి కాళ్లకు మెట్టెలు తొడిగాక మైదానం మొహం చూడలేదు.

తాళి సంగతి నిన్ననే తేలింది. గొలుసు తీసి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. దాన్ని ఎవరూ కాదనరు, రిఫరీ కూడా కాదనలేదు. మెట్టెలకు అలాంటి సర్దుబాటు లేదు. ప్లాస్టర్ చుడితే చాలన్నది భర్త రాజారావు.

"కాలు బెణికింది, ఆడనని చెప్పు. అయిపోద్ది," అన్నాడతను ఇప్పుడు పక్కకొచ్చి.

"బెణకలేదుగా."

"అబ్బా, కోటీ! మా మేనేజర్ వైఫ్ ఫ్రంట్ రోలో కూర్చుంది. నా కాంట్రాక్ట్ రెన్యువల్ ఆయన చేతిలో ఉంది. ఆవిడ ముందు మెట్టెలు తీస్తావా?"

"రాత్రి నూనె రాసి తీస్తానంటే మీరేగా వద్దంది?"

"ప్లాస్టర్ వర్కౌటవలా. నన్నేం చేయమంటావ్?"

రాజారావు కంపెనీ ఒక కొరియా బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తోంది. అందుకే ఆఫీసు వాళ్లంతా ఈ పోటీలకు వచ్చారు. మేనేజర్ భార్య కాత్యాయని లేచి దగ్గరకొచ్చింది.

"ఏమ్మా కోటేశ్వరీ, సరదాకి ఆడుకో, కాదనను. మొగుడు ఎదురుగా నిలబడి ఉంటే మెట్టెలు తీస్తారా ఎవరైనా? అశుభం కాదూ?"

కోటేశ్వరి ఆవిడ నల్లబూట్లవైపు చూసింది.

"మీకున్నాయా ఆంటీ?"

"నాది ఆఫీసమ్మా. డ్రెస్ కోడ్. అది వేరు."

"ఇదీ డ్రెస్ కోడే ఆంటీ."

"నోర్ముయ్!" అన్నాడు రాజారావు.

బూటు వేసుకునే ఉద్యోగానికి మినహాయింపు ఉంది. అన్నం వార్చే మనిషికి శాస్త్రం ఉంది. మగవాడికి పెళ్లయిందని చెప్పే గుర్తు ఒంటిమీద ఏదీ ఉండదు. భార్య పోయినా అతను తీయాల్సిందేమీ ఉండదు.

కోటేశ్వరి కుళాయి దగ్గర కూర్చుని ప్లాస్టర్ పీకింది. సబ్బు రాసింది. వేళ్లు వాచి ఉన్నాయి. ఒకటి వచ్చింది. రెండోది తోలుతో సహా వచ్చింది. రాజారావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కోటీ, నేనింకా బతికే ఉన్నానే!"

"ఉన్నారు. పోయి కూర్చోండి."

మెట్టెలు అతని చొక్కా జేబులో వేసి బరిలోకి నడిచింది.

ఎదురుగా ఒక మలయ్ అమ్మాయి మోకాళ్లమీద కూర్చుంది, కోటేశ్వరీ అలాగే కూర్చుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించారు. పుండులోకి ఇసుక దిగి భగ్గుమంది.

"మేడం! షి ఈజ్ నాట్ ప్లేయింగ్! లెగ్ పెయిన్!" వెనకనుంచి రాజారావు అరిచాడు.

ఊదబోయిన విజిల్ ఆపి, రిఫరీ కోటేశ్వరి ముఖంలోకి చూసింది.

"నో పెయిన్," అంది కోటేశ్వరి. ఎదుటి పట్టీలోకి చెయ్యి దూర్చి పిడికిలి బిగించింది.